రేడియాలజీ జాతకాలూ, మన పిల్లల చదువులూ

మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ముందు భోజనాల సంగతి, తర్వాత సినిమాల సంగతి, ఆ తర్వాత తప్పకుండా పిల్లల చదువుల సంగతి వస్తుంది. ఉగాది వేడుకైనా, దీపావళి విందైనా, ఆదివారం బడి వదిలేదాకా పార్కింగ్ లాట్‌లో నిలబడి మాట్లాడుకునే పది నిమిషాలైనా ఇదే వరస. ఈమధ్య ఆ మాటల్లో రేడియాలజీ పేరు తరచుగా వినబడుతోంది.

"రేడియాలజీ ఇంక పనికిరాదటగా అండీ? స్కానులన్నీ కంప్యూటరే చదివేస్తుందట!" అంటారు ఒకరు. "అబ్బే, అదేం లేదండీ! రేడియాలజిస్టులు దొరక్క ఆసుపత్రులు అల్లాడుతున్నాయట. ఇంట్లో కూర్చుని పని, బోలెడు జీతం. మావాణ్ణి అందులోకే పంపిద్దామనుకుంటున్నాం" అంటారు ఇంకొకరు. మీవాడికి ఎన్నేళ్ళండీ అని అడిగితే పదకొండు అంటారు! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ వ్యాసం రాస్తున్న మేము నలుగురం. మాలో ఇద్దరు ఆసుపత్రుల్లో పనిచేసే రేడియాలజిస్టులు, ఒకరు సి.టి. టెక్నాలజిస్టు, ఒకరు సాఫ్ట్‌వేరు ఇంజనీరు. మా పిల్లలు ఈ బడిలోనే చదువుతున్నారు. పై రెండు మాటలూ మాకు తరచుగా ఎదురవుతుంటాయి కనుక, ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పేకంటే ఈ సంచికలో అందరికీ కలిపి చెబుదామనిపించింది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఉద్యోగాల జోస్యం విని రేడియాలజీ వద్దనుకోవడం ఎంత తొందరపాటో, అదే జోస్యం విని రేడియాలజీయే కావాలనుకోవడమూ అంతే తొందరపాటు. ఎందుకో వివరిస్తాం.

ముప్పై ఏళ్ళలో నాలుగు జాతకాలు

అమెరికాలో రేడియాలజీకి గత ముప్పై ఏళ్ళలో కనీసం నాలుగుసార్లు జాతకం చెప్పారు. నాలుగుసార్లూ చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి.

మొదటిది 1990ల మధ్యలో. 1993లో క్లింటన్ ప్రభుత్వం ఆరోగ్య సంస్కరణలు తలపెట్టింది. అవి చట్టం కాకుండానే ఆగిపోయాయి గాని, ఇన్సూరెన్సు కంపెనీల పద్ధతులు మాత్రం మారాయి. ఇకమీదట ఫ్యామిలీ డాక్టరు అనుమతి లేనిదే ఎవరూ స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళలేరనీ, స్పెషలిస్టులు కుప్పలుతెప్పలుగా మిగిలిపోతారనీ అందరూ అనుకున్నారు. ఆ రోజుల్లో రేడియాలజీ శిక్షణ ముగించినవారు ఉద్యోగాలకోసం నిజంగానే తిప్పలు పడ్డారు. మెడికల్ విద్యార్థులు భయపడి వేరే దారులు చూసుకున్నారు. తీరా ఆ దశాబ్దం ముగిసేసరికి ఏమైంది? రేడియాలజిస్టులకు కరువొచ్చింది.

రెండోది మనకు బాగా దగ్గరి సంగతి. 2000 తర్వాత ఎక్స్‌రే ఫిల్ములు పోయి, బొమ్మలన్నీ కంప్యూటరు తెరమీదికి వచ్చాయి. తెరమీదికి వచ్చిన బొమ్మ తీగల మీద ఎక్కడికైనా వెళుతుంది. 2001లో ఐడహో రాష్ట్రంలో మొదలైన నైట్‌హాక్ అనే సంస్థ సిడ్నీలో డాక్టర్లను పెట్టి, అమెరికా అర్ధరాత్రి స్కానులను అక్కడి పగటి వేళలో చదివించింది. 2002లో బెంగుళూరులో టెలీరేడియాలజీ సొల్యూషన్స్ మొదలైంది. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు ఇండియాకు పోతున్నాయని గగ్గోలు పుట్టిన రోజులవి. అదే ఊపులో రేడియాలజీ కూడా బెంగుళూరు వెళ్ళిపోతుందని పత్రికల్లో రాశారు. వెళ్ళలేదు. అమెరికా ఆసుపత్రి స్కాను చదవాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు కావాలి, ఆ ఆసుపత్రి అనుమతి కావాలి. పైగా దేశం బయట చేసిన పనికి మెడికేర్ డబ్బివ్వదు. అందువల్ల విదేశంలో ఉన్న డాక్టరు రాత్రికి ప్రాథమిక రిపోర్టు ఇవ్వడం, తెల్లవారాక ఇక్కడి డాక్టరు తుది రిపోర్టు రాయడం అనే ఏర్పాటు స్థిరపడింది. ఇక్కడివాళ్ళకు ఉద్యోగం పోలేదు సరికదా, రాత్రి నిద్ర దక్కింది.

మూడోది 2008 నుంచి 2015 దాకా. 2006లో కాంగ్రెసు చేసిన లోటు తగ్గింపు చట్టం 2007 నుంచి స్కానుల చెల్లింపులకు కోత పెట్టింది. 2008లో స్టాకు మార్కెటు కూలింది. రిటైరు కావలసిన పెద్ద డాక్టర్లు తమ పొదుపు కరిగిపోవడంతో కుర్చీలు వదల్లేదు. కొత్తవాళ్ళు ఒకటికి రెండు ఫెలోషిప్పులు చేస్తూ కాలం గడిపారు. ఆ ఏళ్ళలో రెసిడెన్సీ మాచ్‌లో కొన్ని రేడియాలజీ సీట్లు నిండకుండా మిగిలిపోయాయి. నలుగురూ వద్దన్నా వినకుండా 2014లో చేరినవాళ్ళ సంగతి చూడండి. వాళ్ళు శిక్షణ పూర్తిచేసుకుని 2020లో బయటికి వచ్చారు. కోవిడ్ మొదటి నెలల్లో స్కానులు తగ్గి కాస్త కంగారు పడ్డా, ఆ తర్వాత రెండేళ్ళలో ఉద్యోగాలు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాయి.

నాలుగోది అందరికీ తెలిసిందే. 2016లో టొరాంటోలో జరిగిన ఒక సభలో, కృత్రిమ మేధకు పితామహుల్లో ఒకరని పేరున్న జెఫ్రీ హింటన్ మాట్లాడుతూ, కొత్తగా రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలనీ, అయిదేళ్ళలో కంప్యూటరు వాళ్ళను మించిపోతుందనీ అన్నారు. సామాన్యుడి మాట కాదు. ఎక్స్‌రేలను కనిపెట్టిన రాంట్‌జెన్‌కు 1901లో మొట్టమొదటి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అదే శాస్త్రంలో 2024 నోబెల్ బహుమతి హింటన్‌కు, మరొకరికి కలిపి ఇచ్చారు. అంతటివాడు చెప్పిన గడువు 2021తో ముగిసింది. మేయో క్లినిక్‌లో 2016తో పోలిస్తే 2025 నాటికి రేడియాలజిస్టులు 55 శాతం పెరిగి నాలుగు వందలు దాటారు. హింటన్ కూడా 2025లో తన మాట మరీ విస్తారంగా అన్నానని ఒప్పుకున్నారు. కాలం విషయంలో పొరబడ్డానే గాని దిశ విషయంలో కాదని కూడా అన్నారు. ఆ రెండో మాటను మనం కొట్టిపారేయకూడదు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

జాతకాలు ఎందుకు తప్పాయి?

జాతకం చెప్పినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళు స్కానుల సంఖ్య ఉన్నచోటే ఉంటుందని లెక్క వేశారు. అది ఉన్నచోట ఉండలేదు. అమెరికాలో 1980లో తీసిన సి.టి. స్కానులు సుమారు 30 లక్షలు. 2006-07 నాటికి అవి ఏడాదికి 6 కోట్ల 20 లక్షలయ్యాయి. 2023లో 9 కోట్ల 30 లక్షలు. వెనకటి రోజుల్లో కడుపునొప్పితో వచ్చిన మనిషిని సర్జను చేత్తో నొక్కి చూసి నిర్ణయం చేసేవాడు. ఇప్పుడు ఎమర్జెన్సీ గదిలో ముందు స్కాను, తర్వాతే సర్జను.

వీటికి తోడు, జబ్బు లేనివాళ్ళకు ముందుజాగ్రత్తగా తీసే స్కానులు పెరిగాయి. ఎక్కువ పొగ తాగినవారికి ఊపిరితిత్తుల స్కాను తీయాలని 2013లో సిఫారసు చేశారు. 2021లో దాన్ని యాభయ్యో ఏటి నుంచే మొదలుపెట్టాలన్నారు. స్త్రీలకు మామోగ్రాం నలభయ్యో ఏటి నుంచి రెండేళ్ళకోసారి తీయాలని 2024లో సిఫారసు వచ్చింది. పైగా దేశంలో పెద్దవాళ్ళ సంఖ్య పెరుగుతోంది. డెబ్భై దాటిన మనిషికి ఇరవై ఏళ్ళ కుర్రవాడికంటే ఎన్ని ఎక్కువ స్కానులు కావాలో మన ఇళ్ళలో అమ్మమ్మలనూ తాతయ్యలనూ చూస్తే తెలుస్తుంది.

రేడియాలజిస్టు పని అంటే బొమ్మ చూసి మచ్చ ఉందా లేదా అని చెప్పడమేననుకోవడం ఇంకో పొరపాటు. ఏ రోగికి ఏ స్కాను కావాలో, మందు ఎక్కించి తీయాలో అక్కరలేదో నిర్ణయించాలి. పాత స్కానులతో పోల్చాలి. సర్జను ఫోను చేసి "ఇది కోయవచ్చా?" అంటే జవాబు చెప్పాలి. సూదితో ముక్క తీయాలి. మూసుకుపోయిన రక్తనాళం తెరవాలి. ఈ చివరి రకం పని ఎంత పెరిగిందంటే, 2012లో ఇంటర్వెన్షనల్ రేడియాలజీని వేరే స్పెషాలిటీగా గుర్తించారు. అన్నిటికంటే ముఖ్యం, రిపోర్టు కింద సంతకం పెట్టాలి. తప్పు జరిగితే కోర్టుకు వెళ్ళవలసింది ఆ సంతకం పెట్టిన మనిషే.

కంప్యూటరు సాయం కొత్తదేమీ కాదు. మామోగ్రాంలో అనుమానంగా ఉన్నచోట గుర్తుపెట్టే సాఫ్ట్‌వేరుకు 1998లోనే అనుమతి వచ్చింది. దేశమంతటా వాడారు. దానివల్ల రోగనిర్ధారణ మెరుగు పడలేదని 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఇప్పటి సాఫ్ట్‌వేరు దానికంటే ఎన్నో రెట్లు మెరుగు. ఎఫ్.డి.ఏ. అనుమతి పొందిన కృత్రిమ మేధ పరికరాలు 2025 నాటికి వెయ్యి దాటితే, వాటిలో సుమారు నాలుగింట మూడొంతులు రేడియాలజీకి సంబంధించినవే. మా ఆసుపత్రుల్లో కూడా వాడుతున్నాం. తలలో రక్తస్రావం ఉన్న స్కానును వరసలో ముందుకు తోస్తుంది. అది నిజంగా మేలే. కాని దాని మాట నమ్మాలా వద్దా అని చూడవలసిన మనిషి అవసరం తీరలేదు.

అలాగని బంగారు బాతు కాదు

ఇంతవరకు చదివి "అయితే మావాణ్ణి నిశ్చింతగా పంపించవచ్చన్నమాట" అనుకోకండి. కొరత ఉందన్న మాట నిజమే. ఇక్కడే కాదు, బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ 2024కు వేసిన లెక్క ప్రకారం కావలసినవారిలో 29 శాతం తక్కువగా ఉన్నారు. కాని కొరత ఉన్న ఉద్యోగం అంటే, ఇద్దరు చేయవలసిన పని ఒకరు చేస్తున్న ఉద్యోగం అని కూడా అర్థం.

మేయో క్లినిక్ లెక్కలతో 2015లో ఒక పరిశోధన వెలువడింది. ఎనిమిది గంటల రోజులో పని పూర్తి కావాలంటే రేడియాలజిస్టు సగటున మూడు నాలుగు సెకండ్లకు ఒక బొమ్మ చొప్పున చూడాలట. ఆ లెక్క 2010 దాకా ఉన్న పనికి. తర్వాత పని తగ్గలేదు. ఇంట్లో కూర్చుని పని అన్నమాటా నిజమే. అయితే చీకటి గదిలో, ఒక్కడే, మాట్లాడే మనిషి లేకుండా, తొమ్మిది పది గంటలు, ఒక స్కాను వెనక ఇంకొకటి. వంటింట్లోంచి పిలిచినా పలకడానికి వీలుండదు. ఎక్కడో ఒక చిన్న మచ్చ వదిలేశానా అన్న గుబులు నిద్రలో కూడా వెంటాడుతుంది. మాలో రేడియాలజిస్టులిద్దరికీ ఇది అనుభవమే.

డబ్బు సంగతికి వద్దాం. మెడికేర్ చెల్లింపులకు ఆధారమైన గుణకం 2020లో 36.09 డాలర్లు. 2025లో 32.35 డాలర్లు. ఈ మధ్యలో పాల ధర, ఇంటి అద్దె ఎంత పెరిగాయో మీకు తెలుసు. 2026లో గుణకాన్ని కాస్త పెంచారు గాని, స్కాను చదవడంలాంటి పనుల విలువకు అదే ఏడాది రెండున్నర శాతం కోత పెట్టారు. ఒక్కో స్కానుకు వచ్చేది తగ్గితే ఆదాయం నిలబడేది ఎక్కువ స్కానులు చదివితేనే. పూర్వం డాక్టర్లే భాగస్వాములుగా నడుపుకున్న గ్రూపులను చాలాచోట్ల పెట్టుబడి సంస్థలు కొనేశాయి. అక్కడ చేరే కొత్త డాక్టరు భాగస్వామి కాడు, ఉద్యోగి.

ఇక హింటన్ రెండో మాట. స్వీడన్‌లో ఎనభై వేలమందికి పైగా స్త్రీల మామోగ్రాంలతో చేసిన పరిశోధన తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. అక్కడ ప్రతి మామోగ్రాంను ఇద్దరు డాక్టర్లు చదవడం ఆనవాయితీ. కంప్యూటరు సాయం తీసుకుంటే కాన్సర్లను పట్టుకోవడంలో లోటు లేకుండానే చదివే శ్రమ 44 శాతం తగ్గింది. అమెరికాలో మామూలుగా ఒక్కరే చదువుతారు కనుక ఆ లెక్క ఇక్కడికి అలాగే వర్తించదు. కాని దిశ ఏమిటో తెలుస్తూనే ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక రేడియాలజిస్టు ఇప్పటికి రెండింతల స్కానులు చూడవచ్చు. అప్పటికి స్కానులు కూడా రెండింతలు అవుతాయా, కావా? ఈ ప్రశ్నకు జవాబు తెలుసని ఎవరైనా అంటే, పై నాలుగు జాతకాలు వారికి గుర్తుచేయండి.

పద్నాలుగేళ్ళ లెక్క

హైస్కూలు తర్వాత కాలేజీ నాలుగేళ్ళు, మెడికల్ స్కూలు నాలుగేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది, రేడియాలజీ రెసిడెన్సీ నాలుగేళ్ళు, చాలామంది చేసే ఫెలోషిప్ ఒక ఏడాది. మొత్తం పద్నాలుగు. ఈరోజు మన బడిలో గుణింతాలు దిద్దుతున్న ఎనిమిదేళ్ళ పిల్ల డాక్టరుగా మొదటి జీతం తీసుకోవడానికి సుమారు పాతికేళ్ళు పడుతుంది. ఈ లోపల ఎన్ని ప్రభుత్వాలు మారతాయో, ఎన్ని చట్టాలు వస్తాయో, ఎన్ని యంత్రాలు పుడతాయో! ఈరోజు ఉద్యోగాల మార్కెటు చూసి ఆ పిల్లకు దారి నిర్ణయించడం అంటే, ఈ పూట ఎండ చూసి పాతికేళ్ళ తర్వాతి పెళ్ళికి పందిరి వేయడమే.

సీట్ల సంగతి కూడా తెలుసుకోవాలి. ఆసుపత్రులకు రెసిడెంట్ల శిక్షణకోసం మెడికేర్ ఇచ్చే డబ్బుకు 1997లో కాంగ్రెసు పరిమితి పెట్టింది. అంటే కొరత ఉన్నా సీట్లు వెంటనే పెరగవు. 2020 చివర్లో చేసిన చట్టం అన్ని స్పెషాలిటీలకూ కలిపి వెయ్యి సీట్లు కలిపింది. అదీ ఏడాదికి రెండు వందల చొప్పున. కొరత త్వరగా తీరకపోవడానికి ఇదొక కారణం.

అప్పు సంగతి ఇంకా ముఖ్యం. ప్రయివేటు మెడికల్ స్కూళ్ళలో నాలుగేళ్ళ ఖర్చు మూడు లక్షల డాలర్లు దాటడం మామూలే. ఇన్నాళ్ళూ ఫెడరల్ గ్రాడ్ ప్లస్ అప్పుతో ఆ ఖర్చంతా గడిచేది. 2025 జూలైలో వచ్చిన చట్టం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఆ అప్పు తీసేసింది. మెడికల్ విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి యాభై వేలు, మొత్తం మీద రెండు లక్షల డాలర్లు మించకూడదని నిర్ణయించింది. తక్కినది తల్లిదండ్రులు భరించాలి, లేదా బాంకు అప్పు తేవాలి. రేడియాలజీలో ఉద్యోగాలు ఉంటాయా అని అడిగే ముందు ఇంట్లో కూర్చుని ఈ లెక్క వేసుకోవడం మంచిది.

అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు?

రేడియాలజీ విభాగం అంటే డాక్టరు ఒక్కరే కాదు. రోగిని స్కాను బల్లమీద పడుకోబెట్టి, ధైర్యం చెప్పి, సరిగ్గా బొమ్మ తీసే టెక్నాలజిస్టు లేకపోతే డాక్టరుకు చదవడానికి ఏమీ ఉండదు. అల్ట్రాసౌండ్ చేసే సోనోగ్రాఫర్లు, రేడియేషను మోతాదులు చూసే మెడికల్ ఫిజిసిస్టులు, బొమ్మలను భద్రపరిచే కంప్యూటరు వ్యవస్థలు నడిపేవారు కూడా ఈ విభాగంలోనివారే. ఎక్స్‌రే టెక్నాలజిస్టుల ఖాళీలు అమెరికాలో 2021లో 6.2 శాతం ఉంటే, 2023లో 18.1 శాతానికి పెరిగాయని వారి వృత్తి సంఘం సర్వే తెలిపింది. ఈ చదువు కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు. ఆ తర్వాత సి.టి., ఎం.ఆర్.ఐ. నేర్చుకుని పైకి రావచ్చు. ఇరవై ఒకటో ఏటికి అప్పు లేకుండా, గౌరవమైన జీతంతో నిలబడవచ్చు.

మరి మన ఇళ్ళలో ఈ మాట ఎవరైనా ఎత్తుతారా? మా నలుగురిలో ఒకరు టెక్నాలజిస్టు అన్నాం కదా. విందుల్లో "మీరేం చేస్తారండీ?" అని అడిగి, జవాబు విన్నాక "ఓహో, డాక్టరు కాదన్నమాట" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ మధ్య మన బడిలో చదివిన ఒక అమ్మాయి సోనోగ్రఫీ చదువుతానంటే, ఇంట్లో ఆ సంగతి బంధువులకు చెప్పడానికి వెనకాడారు. ఆ అమ్మాయి పొట్టలో బిడ్డ గుండె కొట్టుకోవడం మొదటిసారి తల్లికి చూపించే పని చేయబోతోంది. అందులో దాచుకోవలసినది ఏముంది? డాక్టరు, ఇంజనీరు అనే రెండు గదుల్లోనే పిల్లలందరినీ కుక్కాలనుకోవడం మన సమాజానికి పాత జబ్బు. దీనికి ఏ స్కానూ అక్కరలేదు, పైకే కనిపిస్తోంది.

ఇండియా నుంచి రాదలచినవారికి

మన బంధువుల పిల్లలు అక్కడ రేడియాలజీ ఎం.డి. చేసి ఇక్కడికి రావచ్చా అని అడుగుతుంటారు. అక్కడ నీట్ పి.జి.లో ముందు ర్యాంకులవారే రేడియాలజీ సీట్లు తీసేసుకుంటున్నారు కనుక, వీళ్ళు చురుకైన పిల్లలే. ఇక్కడ మళ్ళీ రెసిడెన్సీ చేయకుండా, ఒకే సంస్థలో నాలుగేళ్ళు ఫెలోగానో అధ్యాపకుడిగానో పనిచేసి అమెరికన్ బోర్డు పరీక్ష రాసే దారి ఒకటి ఉంది. టెన్నెసీ రాష్ట్రం 2023లో చట్టం చేసి, విదేశాల్లో శిక్షణ పొందిన డాక్టర్లకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చే దారి తెరిచింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. అయితే వీసా తలుపు వేరు. విదేశాల నుంచి వచ్చే కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. కనుక "ఇక్కడ కొరత ఉంది, వచ్చేయండి" అని ఫోనులో చెప్పే ముందు రెండుసార్లు ఆలోచించండి. కొరత ఉండటం వేరు, తలుపు తెరిచి ఉండటం వేరు.

మరి ఏం అడగాలి?

ఉద్యోగాలు ఉంటాయా అన్న ప్రశ్నకు జవాబు లేనప్పుడు, జవాబున్న ప్రశ్నలు అడగడం మేలు. మీ అబ్బాయికో అమ్మాయికో ఒక బొమ్మను ఓపికగా, మూలమూలలా చూసే అలవాటు ఉందా? ఒంటరిగా గంటలకొద్దీ కుదురుగా పనిచేయగలరా? రోగి ముఖం చూడకపోయినా, ఎవరూ ధన్యవాదాలు చెప్పకపోయినా, ఆ పని తృప్తినిస్తుందా? "నూటికి నూరుపాళ్ళు చెప్పలేను, కాని ఇది ఎక్కువ అవకాశం" అని ధైర్యంగా రాయగలరా? కొత్త యంత్రం వస్తే భయపడతారా, విప్పి చూస్తారా? వీటికి అవునని జవాబు వస్తే, మార్కెటు ఎలా ఉన్నా ఆ పిల్లలు ఈ రంగంలో నిలబడతారు. కాదని వస్తే, మార్కెటు ఎంత బాగున్నా నలభయ్యో ఏటికి విసిగిపోతారు. హైస్కూలు పిల్లలను వేసవిలో ఆసుపత్రి వాలంటీర్లుగా చేర్పించండి. పదిమంది చెప్పింది వినేకంటే పదిరోజులు చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన వల్ల, స్కాను రిపోర్టు డాక్టరుతో పాటే రోగి చేతికీ వస్తోంది. శుక్రవారం సాయంత్రం అమ్మమ్మ ఫోనులో రిపోర్టు వచ్చి పడుతుంది. డాక్టరు ఫోను చేసేది సోమవారం. ఈ రెండు రోజులూ ఆ ఇంట్లో రిపోర్టు చదివి చెప్పేది ఎవరు? చాలా ఇళ్ళలో మన బడి పిల్లలే. "నాడ్యూల్ అన్నాడు అమ్మమ్మా, అంటే చిన్న గడ్డ. కాన్సరని అనలేదు. ఆరు నెలలయ్యాక మళ్ళీ చూద్దామన్నాడు" అని తెలుగులో నిదానంగా చెప్పగలిగిన పిల్ల ఆ ఇంటికి ఎంత ధైర్యం! సాఫ్ట్‌వేరు ఆ మాటను తెలుగు చేసి పెట్టవచ్చు. పక్కన కూర్చుని, అమ్మమ్మ ముఖం చూసి, ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో తెలుసుకోవడం మనిషి పని. రేపు రేడియాలజిస్టు అయినా, టెక్నాలజిస్టు అయినా, వేరే ఇంకేదైనా అయినా, జాగ్రత్తగా చదవడం, తేటగా చెప్పడం అనే ఈ రెండు విద్యలూ పనికొస్తాయి. వాటికి ఆదివారాలు కేటాయిస్తున్న తల్లిదండ్రులు, ఉద్యోగాల జాతకం గురించి ఇంత కంగారు పడనక్కరలేదని మా మనవి.